రాక్ సింగర్ తొలి సోలో ఆల్బమ్ ఎలా చేయాలి?

బెంగళూరు పబ్బుల్లో ఏళ్లుగా రాక్ పాడుతున్న మన తెలుగువాళ్లు చాలామంది సోలో అనగానే పాత బ్యాండ్ పాటలనే ఇంకో గిటారిస్టుతో మళ్లీ రికార్డు చేస్తున్నారు. అలా చేస్తే పోస్టర్ మీద పేరు మారుతుంది, పాట మారదు.

సామాను: మైక్, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె, హెడ్‌ఫోన్స్, ల్యాప్‌టాప్. మారతహళ్లి పీజీ గదైనా చాలు, ట్రాఫిక్ తగ్గాక పాడండి. ఎనిమిది పాటలు మించొద్దు.

మీ గొంతు చుట్టూ సంగీతం కట్టడానికి తోడుగా రాక్ వాయించని మనిషినే వెతకండి. ఐస్‌లాండ్ రాక్ బ్యాండ్ షుగర్‌క్యూబ్స్ 1992లో విడిపోయాక దాని గాయని బ్యోర్క్ వెళ్లింది డాన్స్ సంగీతం చేసే నెల్లీ హూపర్ దగ్గరికి. 1993లో వచ్చిన 'డెబ్యూ' ఆల్బమ్‌లో ఆమె గొంతు చుట్టూ హౌస్ అనే డాన్స్ సంగీతపు బీట్లు, హార్ప్, తల్విన్ సింగ్ తబలా ఉన్నాయి. గొంతు అదే, పాడే మనిషి మాత్రం కొత్తగా వినిపించింది.

ఇక అందరూ చెడగొట్టేది ఆ తోడు మనిషి చేతికి పాట ఇచ్చే దగ్గర. గిటార్‌తో డెమో పంపకండి. గిటార్ కార్డ్స్ (chords) వినిపిస్తే ఎదుటివాళ్లు వాటినే పట్టుకుంటారు, మళ్లీ పాత పాటే తయారవుతుంది. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని గొంతు ఒక్కటే పాడి, 24 బిట్ వేవ్ ఫైల్‌గా పంపండి. టెంపో, అంటే పాట వేగం, ఎంతో రాయండి. వాట్సాప్ వాయిస్ నోట్ అస్సలు వద్దు.

వాళ్లు చేసి పంపింది మొదటిసారి వింటే నచ్చదు. మిమ్మల్ని ఇన్నాళ్లూ తోసిన డ్రమ్స్ అందులో ఉండవు కాబట్టి టెన్షన్ వస్తుంది. రెండు రోజులు జవాబివ్వకండి. "బీట్ పెంచండి" అని మాత్రం అడగొద్దు. వాళ్ల ట్రాక్ ముట్టుకోకుండా దాని మీద మీరే మళ్లీ పాడండి. ఈసారి గొంతు తగ్గించి పాడండి. గిటార్ ఆంప్లిఫైయర్లతో పోటీపడి పైకి ఎక్కించిన గొంతుకి ఇక్కడ ఆ అవసరం లేదు. హోరులో ఇన్నాళ్లూ దాగిన ళ, ణ, ఒత్తులు ఇప్పుడు బయటపడతాయి. 'కళ్ళు' అనాల్సిన చోట 'కల్లు' అని పాడితే ఎంత మంచి ట్యూన్ అయినా చెడుతుంది. లైను లైనుగా సరిచేసుకోండి. దీనికి నెల పట్టినా పట్టనివ్వండి. కొందరు ఇద్దరూ జామ్ రూమ్‌లో కూర్చుని పాట కడదామంటారు. వద్దు, అక్కడ గట్టిగా వాయించేవాళ్ల మాటే నెగ్గుతుంది.

ఫైనల్ రికార్డింగ్‌కి ముందే సాహిత్యం, స్వరం ఎవరికెంత వాటా అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో పాటలు నమోదు చేసేటప్పుడు ఆ లెక్కే కావాలి.

మిక్సింగ్, అంటే గొంతు, వాద్యాల మోతాదులు సరిచూసి కలపడం, మీ ఇద్దరిలో ఎవరూ చేయొద్దు. మూడో మనిషికివ్వండి. వచ్చిన మిక్స్‌ను ఫోన్ స్పీకర్‌లో, కారులో విని, ప్రతి మాటా తెలిశాకే విడుదలకు ముందు చేసే చివరి మెరుగు, మాస్టరింగ్‌కి పంపండి.