థెరపీ ముందుకు సాగట్లేదా? ఆ మాట థెరపిస్టుకే చెప్పండి

వారం వారం వెళ్తున్నారు, ఫీజు కడుతున్నారు, బాస్ గురించో అత్తగారి గురించో అదే కథ చెప్తున్నారు, బయటికొచ్చాక కాసేపు తేలిగ్గా ఉంటుంది, రెండ్రోజులకి మళ్లీ మామూలే. ఇలా నెలలు గడిస్తే మానేయాలనిపిస్తుంది. మానేసే ముందు ఆ సంగతి థెరపిస్టుతోనే అనండి.

మనకి ఇదే కష్టం. ఎదురుగా కూర్చోగానే "పర్లేదండీ, బాగానే ఉంది" అని నోటికి వచ్చేస్తుంది, ఆవిడ నొచ్చుకుంటారేమోనని మొహమాటం. మీరు అలా అంటుంటే ఆవిడేమో అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటారు. "మేడం, కొన్నాళ్లుగా గానుగెద్దులా ఒకేచోట తిరుగుతున్నట్టుంది, అసలు దేనికోసం వస్తున్నానో ఒకసారి చూద్దామా" అంటే చాలు. సెషన్ మొదట్లోనే అనండి. చాలామంది అసలు విషయం లేచి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర చెప్తారు, అప్పటికి టైమ్ అయిపోతుంది. నోరు పెగలదనుకుంటే ఫోన్‌లో రాసుకెళ్లి చదివేయండి.

తర్వాత లక్ష్యం. "సంతోషంగా ఉండాలి" అంటే ఎంతవరకు వచ్చామో తెలీదు, "ఆఫీసు ఫోన్ మోగితే దడ లేకుండా ఎత్తాలి" అంటే తెలుస్తుంది. డిప్రెషన్‌కైతే పీహెచ్‌క్యూ-9 అని గడిచిన రెండు వారాల గురించి అడిగే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, స్కోరు 0 నుంచి 27. నెలకోసారి నింపి ఇద్దరూ కలిసి చూడండి.

పద్ధతే సరిపోకపోవచ్చు కూడా. ఓసీడీకి, అంటే వద్దన్నా అవే ఆలోచనలొచ్చి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే సమస్యకి, ఊరికే మాట్లాడుకుంటూ పోతే పెద్దగా లాభముండదు. భయపెట్టేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, చేతులు పదేపదే కడగడం లాంటివి ఆపుకోవడం నేర్పే ఈఆర్‌పీ కావాలి, అందులో శిక్షణ ఉందా అని అడగండి. థైరాయిడ్, బీ12 తగ్గినా నీరసం, దిగులు వస్తాయి కాబట్టి రక్తపరీక్ష చేయించుకోండి. మందులు అవసరమేమో సైకియాట్రిస్టును కలవండి. అన్నట్టు, ఇంట్లో గొడవలన్నీ తెలుగులో జరుగుతుంటే సెషన్ ఇంగ్లీషులో ఎందుకో నాకర్థం కాదు, థెరపిస్టుకి తెలుగొస్తే తెలుగులోనే తిట్టుకోండి.

మీ మాట విని పద్ధతి మార్చుకునేవాళ్లయితే ఇంకొన్ని సెషన్లు ఆగి చూడండి. తప్పంతా మీదే అన్నట్టు మాట్లాడితే మారిపోండి, దానికి అపరాధభావం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్య రికార్డులు అడిగే హక్కు మీకుంది. అవి తీసుకెళ్తే కొత్తవాళ్ల దగ్గర మొత్తం కథ మొదటినుంచి చెప్పే బాధ కొంత తగ్గుతుంది.

ఈ మధ్యలో చచ్చిపోవాలన్న ఆలోచనలొస్తే మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి వెంటనే ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.