మస్టాంగ్‌కి డిస్క్ బ్రేకులు – 3వ పాఠం: మాస్టర్ సిలిండర్ మార్చడం, గాలి తీయడం

మొదటి రెండు పాఠాలు చేసినవాళ్ల బండి ఇప్పుడు ఇలా ఉండాలి. 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు, 289 వీ8 ఇంజిన్, ముందు చక్రాల దగ్గరున్న పది అంగుళాల డ్రమ్ములు ఊడి పక్కన పడ్డాయి, వాటి చోట బ్రాకెట్, రోటర్ (చక్రంతో పాటు తిరిగే డిస్కు), దాన్ని ప్యాడ్లతో నొక్కే నాలుగు పిస్టన్ల క్యాలిపర్ కూర్చున్నాయి, బేరింగులకి కొత్త గ్రీజు పెట్టారు, బండి ఇంకా జాకీ స్టాండుల మీదే ఉంది. చూడ్డానికి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే తొందరపడి, పాత మాస్టర్ సిలిండర్‌కే (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాల దాకా తోసేది) కొత్త గొట్టాలు తగిలించి, ఆయిల్ పోసి రోడ్డెక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. డిస్క్ బ్రేకు మార్పిడిలో కష్టమైన సగం ఇంకా ముందుంది, అదంతా బానెట్ కింద ఉంది.

ఎందుకంటే డ్రమ్ము, డిస్కు పనిచేసే తీరే వేరు. ఈ బండి డ్రమ్ములో ముందు షూ డ్రమ్ముని తాకగానే, డ్రమ్ము తిరిగే జోరే ఆ షూని తనతో పాటు లాక్కెళ్లి వెనక షూ మీదకి నెడుతుంది. అంటే మీ కాలు కొంచెం మొదలుపెడితే చాలు, మిగతాది చక్రమే చేసుకుంటుంది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్లు రోటర్‌ని రెండు వైపుల నుంచి నొక్కుతాయి, మీ కాలు ఎంత ప్రెషర్ పంపిందో అంతే. బదులుగా వేడెక్కినా పట్టు నిలుస్తుంది (డ్రమ్ము వేడెక్కితే పెద్దదై షూకి దూరంగా జరుగుతుంది, రోటర్ ఉబ్బితే ప్యాడ్ల వైపుకే వస్తుంది), నీళ్లలోంచి వచ్చినా వెంటనే ఆరిపోతుంది. వానాకాలంలో కాలువ దాటాక అంబాసిడర్ బ్రేకులు పట్టక, డ్రైవర్ కాసేపు పెడల్ తొక్కుతూనే బండి తోలడం చూసినవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

సరే, ప్రెషర్ లెక్క ఒకసారి కాగితం మీద వేయండి, దీన్ని నోటికి వచ్చేదాకా చేయమంటాను. మీ కాలు 70 పౌండ్ల బలంతో తొక్కింది, పెడల్ రేషియో (పెడల్ మీ బలాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ లెక్క) 6 అనుకుందాం, మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద పడేది 420 పౌండ్లు. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, ఒక అంగుళం ఉంటే దాని వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు, 420ని దాంతో భాగిస్తే దాదాపు 535 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). బోరు అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దదైతే 420 చిల్లరకి పడిపోతుంది, అంతే చిన్నదైతే 700కి ఎక్కుతుంది. మరి చిన్న బోరే పెట్టేద్దాం అనుకుంటారు. అక్కడే చిక్కు. చిన్న బోరు ఒక్క తొక్కుడికి పంపే ఆయిల్ దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది, నాలుగు పిస్టన్ల క్యాలిపర్‌కి అది చాలక పెడల్ నేల దాకా పోతుంది. బూస్టర్ (కాలి బలానికి సాయం చేసేది) లేని ఈ బండికి నేను ఒక అంగుళం బోరు వాడాను, కాలికి కొంచెం గట్టిగా అనిపించినా ఆగడంలో నమ్మకం ఉంది. మీ కిట్‌తో వేరే సైజు చెప్పి ఉంటే అదే వేయండి, క్యాలిపర్ పిస్టన్ల సైజుని బట్టి వాళ్లు లెక్క వేసి ఉంటారు.

ఇంకో మాట. 1966 దాకా మస్టాంగ్‌లో వచ్చినది ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచి రెండు గదులది పెట్టారు, ముందు చక్రాలకి ఒకటి, వెనక వాటికి ఒకటి. డిస్కులు పెట్టినా పెట్టకపోయినా ఈ ఒక్క మార్పు మాత్రం ప్రతి పాత బండికీ చేయాలని నా గట్టి అభిప్రాయం, ఇంట్లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి అయితే ఇక ఆలోచించడానికే లేదు.

ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండికి అని అడిగి కొనండి. కొన్నాక కూడా పరీక్షించాలి, ఎందుకంటే డ్రమ్ముకి ఆయిల్ వెళ్లే రంధ్రంలో, ఇత్తడి సీటు వెనకాల, చిన్న రబ్బరు వాల్వు ఒకటి ఉండొచ్చు. మీరు పెడల్ వదిలేశాక కూడా గొట్టంలో 10 పీఎస్ఐ దాకా ఆపి ఉంచుతుంది, డ్రమ్ములో షూలని తోసే వీల్ సిలిండర్‌లోని రబ్బరు కప్పుల అంచులు బిగుతుగా ఉండాలని. డ్రమ్ములో షూలని వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. క్యాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు, ఆ 10 పీఎస్ఐకే ప్యాడ్లు రోటర్‌ని రాసుకుంటూ, బండి పది మైళ్లు తిరిగేసరికి పొగలు కక్కుతాయి. సన్నటి తీగని డిస్కులకి వెళ్లే రంధ్రంలోకి పంపి చూడండి. స్ప్రింగులాగా మెత్తగా వెనక్కి తోస్తే వాల్వు ఉన్నట్టే, తీసేయాలి. మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్ క్యాలిపర్ల కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ మళ్లీ ఏమీ పెట్టక్కర్లేదు. మోరిస్ మైనర్ లాగా మాస్టర్ సిలిండర్ నేల కింద ఉన్న బండి మీదైతే ఆయిల్ వెనక్కి జారిపోకుండా 2 పీఎస్ఐ వాల్వు కావాలి, అది వేరే సంగతి.

బిగించేటప్పుడు పెడల్ కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ఖాళీ లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగి గదిలోకి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది, బండి నడిచేకొద్దీ బ్రేకులు వాటంతటవే బిగుసుకుంటాయి.

ఇక గొట్టాలు. పాత ఏర్పాటులో ఒక్క గొట్టం వచ్చి ఇత్తడి జంక్షన్ దగ్గర మూడుగా చీలుతుంది: ముందు ఎడమ, ముందు కుడి, వెనక. ఆ వెనక దారిని అక్కడి నుంచి విడదీసి, ఖాళీ రంధ్రానికి ప్లగ్ బిగించి, వెనక గొట్టాన్ని కొత్త మాస్టర్ సిలిండర్ రెండో గది నుంచి నేరుగా తీసుకెళ్లాలి. ఉత్త రాగి గొట్టం వాడొద్దు, స్టీలు గానీ రాగి-నికెల్ గానీ వాడండి. చివరలు 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్ వేయాలి, అంటే గొట్టం చివరని విప్పార్చి లోపలికి రెండు మడతలుగా మడవాలి. మొదటి ఐదారు చివరలు పాడవుతాయి, పనికిరాని ముక్కల మీద చేయి తిరిగేదాకా వేసి చూసుకోండి. అతుకు పెట్టి కంప్రెషన్ ఫిట్టింగుతో సరిపెట్టడం మాత్రం బ్రేకు గొట్టంలో ఎప్పుడూ వద్దు.

వెనక గొట్టంలోనే, మధ్యలో ఎక్కడైనా చేయి అందేచోట, తిప్పి సరిచేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి తూగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, పైగా అక్కడున్నవి తమంతట తామే పట్టుకునే డ్రమ్ములు. ప్రెషర్ తగ్గించకపోతే వెనక చక్రాలే మొదట బిగుసుకుని, తడి రోడ్డు మీద బండి తోక తిప్పేస్తుంది. ఇప్పటికి వాల్వుని వెనక్కి తక్కువ ప్రెషర్ వెళ్లేలా ఉంచండి, సరైన సెట్టింగు 4వ పాఠంలో ఖాళీ స్థలంలో బండి నడిపి తేలుద్దాం.

మాస్టర్ సిలిండర్‌ని బండికి బిగించే ముందే వైస్‌లో పట్టించి గాలి తీయాలి. రెండు రంధ్రాలకీ చిన్న ప్లాస్టిక్ గొట్టాలు తగిలించి, వాటి చివరలు తిరిగి గదుల్లో ఆయిల్‌లో మునిగేలా ఉంచి, స్క్రూడ్రైవర్ పిడితో పిస్టన్‌ని నెమ్మదిగా లోపలికి నొక్కుతూ వదులుతూ ఉండాలి, బుడగలు ఆగేదాకా. డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్, కొత్త డబ్బా. డాట్ 5 సిలికాన్ ఆయిల్, వీటిలో కలపొద్దు. ఒక చుక్క ఫెండర్ మీద పడినా పెయింట్ లేచిపోతుంది, పక్కన నీళ్ల బక్కెట్ పెట్టుకోండి.

తర్వాత చక్రాల దగ్గర. దూరంగా ఉన్నదాంతో మొదలు: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఇద్దరు కావాలి. మా అమ్మాయి సీట్లో కూర్చుంది, నేను కింద పానాతో. "తొక్కి పట్టుకో అమ్మా" అంటే "పట్టుకున్నా నాన్నా" అన్నాకే స్క్రూ వదులు చేయడం, స్క్రూ బిగించాకే "వదులు" అనడం. ఈ వరస తప్పితే బయటికి పోయిన గాలి తిరిగి లోపలికి వచ్చేస్తుంది.

నాకు మొదటిసారి ఒక డబ్బా ఆయిల్ మొత్తం అయిపోయినా పెడల్ స్పాంజిలాగే ఉండిపోయింది. మళ్లీ తీశాం, మళ్లీ అంతే. మాస్టర్ సిలిండర్ పాడైందేమో అని టెన్షన్ పడి, దాన్ని ఊడదీసే దాకా వెళ్లాను. మర్నాడు పొద్దున్నే టార్చ్ పట్టుకుని చూస్తే విషయం తెలిసింది, కుడి క్యాలిపర్ ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాను. రెండూ చక్కగా కూర్చుంటాయి, ఏ బోల్టూ అడ్డం చెప్పదు, కానీ గాలి తీసే స్క్రూ కిందికి వచ్చేస్తుంది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది, స్క్రూ కింద ఉంటే ఆయిల్ ఎంత పోసినా పైన చేరిన బుడగ అక్కడే కూర్చుంటుంది. స్క్రూ పైన ఉండాలి, రెండు వైపులా. పానా చేతిలోకి తీసుకోకముందే కిందికి వంగి ఇది చూడండి.

పెడల్ గట్టిపడ్డాక నిమిషం పాటు బలంగా తొక్కి పట్టుకోండి. నెమ్మదిగా కిందికి జారితే ఎక్కడో కారుతోంది. జారకపోతే వదిలేసి రెండు ముందు చక్రాలూ చేత్తో తిప్పండి, ప్యాడ్ల రాపిడి సన్నగా వినపడినా పర్వాలేదు, చక్రం మాత్రం తేలిగ్గా తిరగాలి. ఈ రాత్రికి ప్రతి జాయింటు కిందా ఒక తెల్ల కాగితం పరిచి బండిని స్టాండుల మీదే వదిలేయండి. పొద్దున్న కాగితాలన్నీ పొడిగా ఉంటే చక్రాలు బిగించి 4వ పాఠానికి రండి, ఒక్క మరక ఉన్నా ఆ జాయింటు ఊడదీసి ఫ్లేర్ మళ్లీ వేయండి.