వానాకాలం టీకాల ప్లాన్ వేసేముందు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ఈమధ్య భారీ వానలకు దారి తెగి, ఒక స్టోరుకు వెళ్లాల్సిన టీకాల బండి మూడు వారాలు ఆగిపోయింది. దారి తెరిచాక ఆగిన సరుకూ, మరుసటి నెల సరుకూ ఒకే రోజు దిగాయి. ఫ్రిజ్ నిండిపోయి, మిగిలిన పెట్టెలు నేలమీదే ఉండిపోయాయి. అంతకుముందే మేం చేసిన సిమ్యులేషన్‌లో (సరఫరాను కంప్యూటర్‌లో నడిపి చూసే మోడల్‌లో) మాత్రం నిల్వకు ఇబ్బంది లేదని తేలింది. కారణం, బండి ప్రతిసారీ సగటు సమయానికే వస్తుందని లెక్క వేశాం.

టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలన్న సంగతి మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: మోడల్‌లో సగటు వేయకండి.

తట్టు టీకానే చూడండి. 10 డోసుల వయల్‌ (చిన్న సీసా)లోని పొడిని ద్రవంతో కలిపాక, మన దేశంలో 4 గంటల్లో వాడకపోతే పారేయాల్సిందే. 10 సెషన్లకు (టీకాలు వేసే రోజులకు) 100 మంది పిల్లలంటే, సగటు లెక్కన 10 వయల్స్ చాలు. కానీ ఐదు సెషన్లకు 5 మంది చొప్పున, మిగతా ఐదింటికి 15 మంది చొప్పున వస్తే 15 వయల్స్ కావాలి. సగటు మారలేదు, టీకా మాత్రం అయిపోయింది. పిల్లను ఎత్తుకుని నడిచొచ్చిన తల్లి ఉత్తచేతులతో వెనక్కి పోవాలి.

టీకాల సరఫరాను కంప్యూటర్‌లో నడిపి చూసే హెర్మీస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కో బండినీ, ఒక్కో వయల్‌నూ విడిగా నడిపిస్తుంది. పశ్చిమాఫ్రికా దేశం బెనిన్‌లో సరఫరా అంచెలు తగ్గిస్తే ఏమవుతుందో దాంతోనే చూశారు. దానికీ సగటే ఇస్తే క్యాలిక్యులేటర్‌తో సరిపోయేది కదా!

రవాణా: దారి ఎన్నాళ్లు మూతపడుతుందో డ్రైవర్లను అడగండి. ఆఫీసు కాగితాల్లో ఆ సంగతి ఉండదు.

నిల్వ: ఫ్రిజ్ మొత్తం లీటర్లు కాదు, టీకా పట్టే లీటర్లు వేయండి. రిజిస్టర్‌లో ఉన్నవన్నీ కాదు, ఇవాళ పనిచేస్తున్నవే లెక్కించండి.

కరెంటు కోతలు కలపండి. డైల్యూయెంట్‌ని (టీకా పొడిని కలిపే ద్రవాన్ని) మరవకండి, కలిపేముందు అదీ చల్లగా ఉండాలి. గడ్డకట్టడాన్నీ నష్టంలో వేయండి: పెంటావలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), హెపటైటిస్-బి గడ్డకడితే పనికిరావు, వయల్ మీది వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) ఆ సంగతి చూపించదు. మోడల్‌ని ఒక్కసారి నడిపి ఊరుకోకండి. వందసార్లు నడపండి. ఆ వంద ఫలితాలకూ సగటు తీయకండి! ఎన్నిసార్లు స్టాక్ అయిపోయిందో లెక్కపెట్టండి. పోయిన వానాకాలం అసలు రికార్డుతో పోల్చండి. పోలకపోతే ప్లాన్ పంపకండి. అన్నిటికన్నా దూరంగా ఉన్న కేంద్రానికి ఇవాళే ఫోన్ చేయండి. వాళ్ల ఫ్రిజ్‌లో ఎన్ని వయల్స్ ఉన్నాయో అడిగి, ఆ అంకెతో మొదలుపెట్టండి.