క్రాప్ చేసిన ఫొటోని పెద్ద ప్రింట్ తీయించాలంటే

పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి అమ్మమ్మ ఒక్కరినే క్రాప్ చేసి గోడకి పెట్టుకునేంత పెద్దగా ప్రింట్ తీయించాలంటే, ముందు పిక్సెల్స్ లెక్క చూడండి. 24 మెగాపిక్సెల్ ఫొటో దాదాపు 6000 × 4000 ఉంటుంది, అందులో అమ్మమ్మ వరకు 1800 × 2700 మిగిలిందనుకోండి. 12 × 18 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 150 పిక్సెల్సే వస్తాయి. దగ్గర నుంచి చూసినా బాగుండాలంటే 300 కావాలి, అంటే పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు చేయాలి. దూరం నుంచి చూసే గోడ ఫొటోకి 200 ఉన్నా చాలు.

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన కాపీతో మాత్రం మొదలుపెట్టొద్దు, అందులో వివరాలు ముందే పోయి ఉంటాయి. ఫొటోగ్రాఫర్‌ని అడిగి ఒరిజినల్, వీలైతే రా ఫైలే (కెమెరా తీసింది తీసినట్టు దాచిన ఫైల్) తెచ్చుకోండి.

మొదట నాయిస్ (ఫొటోలో కనిపించే చిన్న చిన్న చుక్కలు) తగ్గించండి, లేకపోతే సైజు పెంచినప్పుడు ఆ చుక్కలు కూడా పెద్దవవుతాయి. తర్వాత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో సూపర్ రిజల్యూషన్ వాడితే రెండు వైపులా సరిగ్గా రెట్టింపవుతుంది. ఫొటోషాప్‌లో అయితే ఇమేజ్ సైజ్‌లో ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0 ఎంచుకోండి.

ఏఐ టూల్స్‌తో ఒక జాగ్రత్త. ముఖం మరీ చిన్నగా ఉంటే అవి కళ్లు, పళ్లు, ముడతలు సొంతంగా కల్పించేస్తాయి, ఫొటో షార్ప్‌గానే ఉంటుంది కానీ అందులో ఉన్నది మన అమ్మమ్మలా ఉండదు. నా మటుకు కాస్త మెత్తగా ఉన్నా అసలు ముఖమే మేలు.

షార్పెనింగ్ (అంచులు స్పష్టంగా కనిపించేలా చేయడం) చివర్లో, ప్రింట్ సైజుకి వచ్చాకే చేయండి. మొత్తం ప్రింట్ ఇచ్చేముందు ముఖం ఉన్న ముక్కని అదే స్కేల్‌లో 4 × 6 కాగితం మీద తీయించి చూడండి, మ్యాట్ పేపర్ అయితే చిన్న లోపాలు అంతగా కనిపించవు.