ఎరువుల దుకాణం లెక్కలను పన్నుకూ తనిఖీకీ సిద్ధం చేసుకోవడం ఎలా?

మార్చి 31 నాటికి నల్లగొండ జిల్లాలో యాసంగి వరి చాలావరకు పొలంలోనే ఉంటుంది. రైతు చేతికి డబ్బు రాదు. ఎరువుల దుకాణంలో ఖాతా పుస్తకం నిండుగా, గల్లాపెట్టె ఖాళీగా ఉంటాయి. ఆర్థిక సంవత్సరం సరిగ్గా ఆ రోజే ముగుస్తుంది. అందుకే ముందు బాకీలు తేల్చండి.

లెక్కలు రాసేవాడిగా నేను తరచూ చూసే పొరపాటు ఒకటుంది. ఫిబ్రవరిలో ఖాతాకిచ్చిన డీఏపీ ఎరువుకు రైతు వడ్లు అమ్మి మే నెలలో డబ్బు కడితే, దాన్ని మే అమ్మకంగా రాసేస్తారు. బిల్లు ఫిబ్రవరిదైతే అమ్మకమూ ఫిబ్రవరిదే, జీఎస్టీ కూడా ఆ నెలదే. మేలో వచ్చింది బాకీ వసూలు మాత్రమే. రైతు పేరు, ఊరు, బిల్లు నంబరు, మిగిలిన బాకీ వరుసగా రాసి, మొత్తాన్ని ఖాతా పుస్తకంతో సరిచూడండి.

మార్చి 31 రాత్రే దుకాణం మూసి సరుకు లెక్కపెట్టండి. ఒకరు బస్తాలు లెక్కించి చెప్పాలి, మరొకరు రాయాలి. చిరిగిన బస్తాలు, గడువు దాటిన పురుగుమందు సీసాలు వేరుగా రాయండి. గోదాము, స్టాకు రిజిస్టరు, ఈ-పాస్ యంత్రం (ఎరువుల అమ్మకాలు నమోదు చేసేది) మూడింట్లోనూ ఒకే అంకె రావాలి. యంత్రంలో 112 యూరియా బస్తాలుండి గోదాములో 109 కనిపిస్తే, తగ్గిన మూడు బస్తాల సంగతి అప్పుడే తేల్చండి. ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

నగదు దగ్గర గట్టిగా ఉండండి. ఒకరికి ఒకే రోజు రూ. 10,000 మించి నోట్ల రూపంలో చెల్లిస్తే ఆదాయపన్ను లెక్కలో అది ఖర్చుగా చెల్లదు. లారీ కిరాయికైతే ఆ పరిమితి రూ. 35,000. రైతు పాత బాకీలన్నీ తీర్చడానికి ఒకేసారి రూ. 2 లక్షల నోట్లు తెచ్చినా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారా వేయమనండి. ఫోను చెల్లింపులు ఇంటి ఖాతాలోకి కాకుండా దుకాణం ఖాతాలోకే రావాలి.

కొనుగోలు బిల్లులను ప్రతి నెలా జీఎస్టీ 2బీతో (మీకు సరుకు అమ్మినవారు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే పట్టిక) పోల్చండి. అందులో లేని బిల్లుకు వెంటనే సరుకు అమ్మిన డీలరుకు ఫోను చేయండి. జీఎస్టీలో చూపిన అమ్మకాలూ ఆదాయపన్ను రిటర్నులో చూపేవీ పొంతన కుదరాలి.

అమ్మకాలు కోటి దాటితే మామూలుగా ఆడిట్ (చార్టర్డ్ అకౌంటెంటుతో లెక్కల తనిఖీ) తప్పనిసరి. మొత్తం వసూళ్లలోనూ చెల్లింపుల్లోనూ నగదు 5 శాతం లోపుంటే ఆ పరిమితి 10 కోట్లు, కానీ నోట్లతో నడిచే మన దుకాణాలకు అది అందదు. అయితే అమ్మకాలు 2 కోట్ల లోపున్నవారు నగదు అమ్మకాలపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన వాటిపై 6 శాతం లాభం చూపి ఆడిట్ లేకుండా రిటర్ను వేయవచ్చు.

యంత్రంలో వచ్చే నున్నటి రసీదులు రేకుల గదిలో ఒక్క వేసవికే తెల్లబడతాయి. వచ్చిన రోజే జిరాక్సు తీయించండి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. అధికారులు పుస్తకాలు తీసుకెళ్తే, ఏమేమి తీసుకున్నారో జాబితా రాయించి సంతకంతో రసీదు అడగండి.