ఎలుక పిలుపులో వయసును నమోదు చేయడం ఎలా?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో జంతుశాస్త్రం చదువుతూ, ఎలుకల అతిధ్వని (మన చెవికి అందనంత హెచ్చు పౌనఃపున్యపు ధ్వని) పిలుపులు వయసుతో ఎలా మారుతాయో స్వయంగా నమోదు చేయదలచిన విద్యార్థి, పుట్టిన తేదీ తెలిసిన ప్రయోగశాల ఎలుకలనే ఎంచుకోవాలి. నాగావళి ఆయకట్టు గట్లలో పందికొక్కులు (ఇంగ్లీషువారి బాండికూట్ మన ఈ మాటే) కావలసినన్ని ఉన్నా, వాటి వయసు తెలియదు. పైగా వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. జంతు ప్రయోగాల నైతిక సమితి అనుమతి ముందే తీసుకోవాలి.

మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని వినలేదు. పెద్ద ఎలుక ఉల్లాసంలో సుమారు 50 కిలోహెర్ట్జ్ వద్ద, భయంలో 22 వద్ద పిలుస్తుంది. సాధారణ ఫోన్ రికార్డింగు దీనికి చాలదు. సెకనుకు 2,50,000 నమూనాలు తీసే అతిధ్వని మైకుతో అందులో సగం, అంటే 125 కిలోహెర్ట్జ్ వరకు పట్టుకోవచ్చు.

తల్లి నుంచి వేరైన పిల్ల దాదాపు 40 కిలోహెర్ట్జ్ వద్ద పిలుస్తుంది. కళ్ళు తెరిచే రెండు వారాల వయసు దాటాక ఈ పిలుపు తగ్గిపోతుంది. దీనిని చలి బాగా పెంచుతుంది కనుక, మన వేసవి మధ్యాహ్నం తీసిన రికార్డును శీతాకాలపు ఉదయం తీసినదానితో పోల్చడం పెద్ద పొరపాటు. ప్రతిసారీ గది ఉష్ణోగ్రత రాసుకోవాలి.

ముసలి ఎలుకల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ పిలుపు మన మాటలాగా స్వరతంత్రుల కంపనం వల్ల పుట్టదు. సన్నని సందులోంచి దూసుకువచ్చే గాలి స్వరపేటిక లోపలే ఈల వేస్తుంది, ఆ సందును బిగించి సవరించేవి అక్కడి చిన్న కండరాలు. వృద్ధాప్యంలో ఆ కండరాలూ, వాటిని నరాలు కలిసే చోట్లూ మారతాయి. పిలుపు బలహీనపడి, దానిలోని ఎత్తుపల్లాలు తగ్గుతాయి. ముసలి ఎలుకల చేత పదే పదే పిలిపించే సాధన చేయించిన ప్రయోగాలలో ఈ క్షీణత కొంత మెరుగుపడడం నాకు ఎంతో ఆశాజనకంగా కనిపిస్తుంది.

అయితే అతిధ్వని గాలిలో త్వరగా పలచబడుతుంది. మైకు ఒక జానెడు దూరం జరిగినా పడుచు ఎలుక పిలుపు ముసలిదానిలా కనిపించవచ్చు. అందుచేత మైకును ఒకే ఎత్తున స్టాండుకు బిగించి, ఫ్యాను, చార్జర్లు ఆపి, ముందుగా ఖాళీ పంజరాన్ని రికార్డు చేసి, ఆ తరువాతనే ఎలుకను అందులో ఉంచాలి. వీలైతే ఒకే ఎలుకను నెలల తరబడి రికార్డు చేయాలి.