ఆదివారం ఫుట్‌బాల్ లీగ్ పెట్టాలంటే

సికింద్రాబాద్‌లో మా ఆదివారం లీగ్ నడిపే పని నాదే. కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు ముందు జెర్సీల గురించి అడుగుతారు. నేనైతే ముందు మ్యాచ్‌ల పట్టిక రాసుకోమంటాను.

ఆరు జట్లు చాలు, ఏడుగురేసి. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఒక్కోసారి ఆడితే 15 మ్యాచ్‌లు. వారానికి మూడు చొప్పున ఐదు ఆదివారాలు. జట్ల పేర్లు మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఎదురెదురుగా రాసి, ఒక జట్టును కదపకుండా ఉంచి, మిగతా ఐదింటినీ గుండ్రంగా వారానికో గడి జరుపుతూ పోతే పట్టిక తయారైపోతుంది. నాకౌట్ మాత్రం పెట్టకండి. మొదటి వారమే ఓడిన కుర్రాళ్లు మళ్లీ గ్రౌండ్ మొహం చూడరు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1 అని పెడితే అట్టడుగు జట్టుకూ ఐదు వారాలు ఆట ఉంటుంది. నేను లీగ్ పెట్టిందే అందుకు.

పొద్దున ఆరింటికి మొదటి విజిల్ పడాలి. సగానికి 20 నిమిషాలు, మధ్యలో 5. ఎనిమిదిన్నరకల్లా, ఎండ ముదరకముందే, మూడూ అయిపోతాయి.

గీతలు శనివారం సాయంత్రమే గీసుకోండి. మూల దగ్గర మేకు కొట్టి, ఒక వైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు తాడు లాగండి. ఆ రెండు కొసల మధ్య సరిగ్గా 5 మీటర్లు వస్తే మూలమట్టం కుదిరినట్టే. ముగ్గుపిండి చల్లండి, సున్నం వద్దు. ఒక ఏడాది మేం సున్నమే వాడాం. మంచుకు తడిసిన గీత మీద డైవ్ కొట్టిన మా గోల్‌కీపర్‌కి మోచేయి కాలింది. పొడి దులిపి, కుళాయి కింద చేయి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాం. పదిహేడేళ్ల పిల్లాడు, పళ్లు బిగబట్టి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత సున్నం బస్తా గ్రౌండ్‌లోకి రానివ్వలేదు.

రిఫరీ ఆ మ్యాచ్ ఆడని జట్టు మనిషే కావాలి. ఎవరన్నది పట్టికలోనే రాసేయండి, పొద్దున్నే వెతుక్కునే టెన్షన్ ఉండదు. ఆటగాళ్ల పేర్లు మొదటి ఆదివారానికి ముందే తీసుకోండి. మధ్యలో బయటివాళ్లను దింపితేనే గొడవలు మొదలవుతాయి. షిన్‌గార్డ్ లేనివాణ్ణి ఆడనివ్వకండి. ఐస్, ఓఆర్‌ఎస్ దగ్గరుంచుకోండి.

1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. అందులో ఆడిన తులసీదాస్ బలరాం మన అమ్ముగూడవాడు. రహీం సాబ్ అలవాటు లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. ఐదో ఆదివారం కప్పు ఇచ్చాక మేమూ ఆ ఆటే ఆడతాం, ఆరు జట్లనూ కలిపేసి.